ఇప్పటి హిప్‌హాప్ డ్రమ్స్‌లో ఆ పాత దెబ్బ ఎందుకు లేదు?

బూమ్‌బాప్_బెజవాడ
ఇవాళ వచ్చే ర్యాప్ పాటలు పది వరసగా వింటే పదింటికీ డ్రమ్స్ ఒకటే. అదే 808 (రోలాండ్ డ్రమ్ మిషన్) బేస్, అదే టిక్కుటిక్కు హైహ్యాట్ (జంట తాళాలు), అదే క్లాప్. 1987-95 మధ్య న్యూయార్క్‌లో చేసిన బీట్లు పెట్టండి, కిక్కు (పెద్ద డ్రమ్ము దెబ్బ) ఛాతీకి తగులుతుంది, స్నేర్‌లో (కింద తీగలుండే చిన్న డ్రమ్ములో) దుమ్ము ఉంటుంది. ఎఫ్ఎల్ స్టూడియోలో (బీట్లు చేసే సాఫ్ట్‌వేర్) 92 బీపీఎం (నిమిషానికి 92 దెబ్బలు) పెట్టి, నెట్‌లో దొరికే బూమ్‌బాప్ (ఆ పాత న్యూయార్క్ పద్ధతి) డ్రమ్ కిట్ వేసి, పైన వినైల్ చిటపటలు కలిపినా ఆ రుచి రావట్లేదు. అంతా ప్లాస్టిక్‌లా ఉంటోంది. నన్నడిగితే ఇప్పటివాళ్లు డ్రమ్స్ వినడమే మానేశారు. కాదంటే ఎందుకు కాదో, నా పద్ధతిలో తప్పెక్కడుందో చెప్పండి.

క్రేట్_తవ్వేవాడు
తప్పు కిట్ దగ్గరే మొదలైంది. ఆ కిట్‌లో కిక్కు వేరు, స్నేర్ వేరు, హ్యాట్ వేరు. దేనికది కోసి, కడిగి పెట్టారు. పాత బీట్లలో డ్రమ్స్ అలా రాలేదు. 60ల చివర, 70ల మొదట్లో వచ్చిన ఫంక్, సోల్ రికార్డుల్లో మిగతా వాయిద్యాలన్నీ ఆగిపోయి డ్రమ్మర్ ఒక్కడే వాయించే రెండు, నాలుగు బార్ల (బారుకు నాలుగు దెబ్బలు) ముక్క ఉంటుంది. దాన్నే బ్రేక్ అంటాం. దాన్ని ఎత్తుకొచ్చి ముక్కలు చేసేవాళ్లు. అందులో కిక్కు వెనకాల హైహ్యాట్ ఇంకా మోగుతూ ఉంటుంది, స్నేర్ తీగలు గజగజలాడుతుంటాయి, గది గోడల మోత ఉంటుంది, టేపు రొద ఉంటుంది. మీరు దుమ్ము అంటున్నది ఇదంతా కలిపి. పైన చల్లితే వచ్చేది కాదు.

రెండోది మిషన్. శబ్దం ముక్కలను ఎక్కించుకుని వాయించే శాంపిలర్, ఈ-మ్యూ ఎస్‌పీ-1200, వచ్చింది 1987లో. 12 బిట్లు, 26.04 కిలోహెర్ట్జ్. మొత్తం మెమరీ 10 సెకన్లు, ఒక్కో శాంపిల్ (ఎక్కించిన ముక్క) 2.5 సెకన్లు దాటకూడదు. 92 బీపీఎంలో ఒక బారు 2.61 సెకన్లు. అంటే ఒక్క బారు కూడా పట్టదు! అందుకని 33 రికార్డును 45 స్పీడులో తిప్పి లోపలికి ఎక్కించేవాళ్లు. వేగం 1.35 రెట్లు పెరుగుతుంది కాబట్టి 10 సెకన్ల చోట్లో 13.5 సెకన్ల సరుకు పడుతుంది. ఆ తర్వాత మిషన్‌లోనే పిచ్ కిందికి దించేవాళ్లు. దించేటప్పుడు ఆ మిషన్ మధ్యలో ఉండాల్సిన శబ్దపు అంకెలను లెక్కగట్టి నింపదు, ఉన్నవాటినే మళ్లీ వాడుకుంటుంది. దాంతో పైన లోహపు గరగర పుడుతుంది. చోటు చాలక చేసిన పనే ఆ కాలపు శబ్దమైంది.

ఎఫ్ఎల్‌లో ఇలా చేయండి. బ్రేక్ వేవ్ ఫైలు తీసుకుని స్ట్రెచ్ మోడ్‌ను రీశాంపిల్‌లో పెట్టి పిచ్ 520 సెంట్లు (అర స్వరానికి 100 సెంట్లు) పైకి లేపండి. దాని మీద బిట్‌క్రషర్ (శబ్దం నాణ్యత తగ్గించే ఎఫెక్ట్) వేసి 12 బిట్లు, 26 కిలోహెర్ట్జ్ పెట్టి రెండర్ చేయండి. ఆ కొత్త ఫైలును మళ్లీ 520 సెంట్లు కిందికి దించండి, ఇంటర్‌పొలేషన్ (మధ్య అంకెలను లెక్కగట్టి నింపడం) ఎంత తక్కువ నాణ్యతలో ఉంటే అంత మంచిది. వరస మారకూడదు. ముందు క్రష్ చేయకుండా చివర్లో చేస్తే ఫైలు పాడైనట్టు వినిపిస్తుందే తప్ప ఆ గరగర రాదు. ఇంకోటి, బిట్‌క్రషర్‌ను మొత్తం మిక్స్ మీద ఎప్పుడూ వేయకండి.

తీన్మార్808
808ని కొత్తదని ఎవరన్నరన్నా? రోలాండ్ టీఆర్-808 వచ్చింది 1980ల, బంద్ చేసింది 1983ల. మొత్తం 12,000 దాకా చేసిన్రు, అప్పుడు పెద్దగ అమ్ముడుపోలే. సెకండ్‌హ్యాండ్‌ల సస్తగ దొరికింది కాబట్టే బ్రాంక్స్ పోరగాళ్ల చేతికొచ్చింది. 1982ల వచ్చిన ‘ప్లానెట్ రాక్’ పాటల ఉన్నది 808నే. మీరు చెప్పే ఎస్‌పీ-1200 కంటే ఐదేండ్లు ముందు. పాతది కావాలంటే 808నే ఇంకా పాతది.

బూమ్‌బాప్_బెజవాడ
నిజమే, ఒప్పుకుంటున్నా. కానీ అప్పటి 808 వాడకం వేరు కదా? అందులో కిక్కు కిక్కులాగే ఉంది. ఇప్పుడు అదే బేస్ గిటార్ పని కూడా చేస్తోంది.

డల్లాస్_స్లిప్‌మ్యాట్
మీరిద్దరూ మిషన్ దగ్గర మొదలుపెట్టారు. అసలు మొదలు రెండు టర్న్‌టేబుళ్లు. 1973 ఆగస్టు 11, బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ, డీజే కూల్ హెర్క్ చెల్లెలు సిండీ పెట్టిన పార్టీ. జనం బ్రేక్ దగ్గరే ఊగిపోతున్నారని గమనించి, ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టి, ఒకదాంట్లో బ్రేక్ అయిపోగానే రెండోదాంట్లో మళ్లీ మొదలుపెట్టే పద్ధతి హెర్క్‌ది.

దాన్ని లెక్కలోకి తెచ్చింది ఇంకో డీజే, గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్. రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీసి, ఎన్ని చుట్లు వెనక్కి తిప్పాలో లెక్కపెట్టేవాడు. 33⅓ స్పీడులో ఒక చుట్టుకు 1.8 సెకన్లు. బ్రేక్ సుమారు 7 సెకన్లుంటే నాలుగు చుట్లు వెనక్కి. కుడి రికార్డు మోగుతుండగానే ఎడమది నాలుగు చుట్లు తిప్పి గీత దగ్గర ఆపాలి. కింద మామూలు రబ్బరు మ్యాట్ ఉంటే పళ్లెం కూడా ఆగిపోతుంది, అందుకే ఫెల్ట్ స్లిప్‌మ్యాట్. బెల్ట్ డ్రైవ్ టేబుల్ మీద వదలగానే వేగం అందుకోవడానికి టైం పడుతుంది, అందుకే డైరెక్ట్ డ్రైవ్.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, శాంపిలర్ చేసింది చేత్తో చేసే ఈ పనినే. పాత బీట్లలో లూప్ తిరిగినప్పుడు వినిపించే ఆ చిన్న కుదుపు చెయ్యి మార్చిన కుదుపు. డీఏడబ్ల్యూలో (ఎఫ్ఎల్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో) లూప్ అంచులు నున్నగా కలిపేస్తే అది పోతుంది. అతుకు కొంచెం కనబడనివ్వండి.

డ్రిల్_దిల్‌సుఖ్‌నగర్
"ఇప్పటివాళ్లు డ్రమ్స్ వినడమే మానేశారు" అన్న మాట దగ్గర ఆగిపోయా. ఒక డ్రిల్ (ఇప్పటి ర్యాప్‌లో ఒక రకం) బీట్ చేసి చూడండి, ఎంత వినాలో తెలుస్తుంది. 140 బీపీఎం. మొదటి బారులో స్నేర్ మూడో దెబ్బ మీద, రెండో బారులో నాలుగో దెబ్బ మీద. ఆ నాలుగోదాన్ని మూడుకు తెచ్చారంటే అది మామూలు ట్రాప్ (808, వేగంగా దూకే హ్యాట్ల మీద నడిచే ర్యాప్) అయిపోతుంది. హ్యాట్లు 3-3-2 విడుపులో (ఎనిమిది గళ్లను మూడు, మూడు, రెండుగా విడగొట్టి) పోతాయి. 808 ఒక స్వరం మీద నిలబడదు, జారుతుంది. జారుడు పొడవు బీట్ వేగానికి కుదరకపోతే తర్వాతి కిక్కు మీద పడి రెండూ బురదవుతాయి.

ట్రాప్ హ్యాట్లూ ఊరికే రావు. 140లో పదహారో వంతు నోటు (ఒక దెబ్బలో నాలుగో భాగం) 107 మిల్లీసెకన్లు, దాని తిశ్రం 71, ముప్పై రెండో వంతు 54. ఈ మూడింటి మధ్య ఎప్పుడు దూకాలన్నదే అక్కడి వాయింపు. అన్ని దెబ్బలకూ ఒకే వెలాసిటీ (దెబ్బ బలం) ఇచ్చినవాడి హ్యాట్లు కుట్టుమిషన్‌లా ఉంటాయి, రోల్ లోపల 100 నుంచి 50కి దించుకుంటూ వచ్చినవాడివి డ్రమ్మర్ చేతిలో ఉన్నట్టుంటాయి. మీరు వింటున్న పది పాటలూ కుట్టుమిషన్ రకం అయ్యుంటాయి.

క్రేట్_తవ్వేవాడు
పైది సరైన జవాబు. అయితే ఒక తేడా ఉంది. డ్రిల్‌లో గది లేదు. ప్రతి శబ్దం శూన్యంలో పుట్టినట్టుంటుంది. అది లోపమని అనను. ఆ భయం, ఆ చలి దానివల్లే వస్తాయి. కానీ బెజవాడ అన్న అడిగింది గది ఉన్న డ్రమ్స్ గురించి.

ఊపు_లెక్క
స్వింగ్ (జంటలో రెండో నోటును కొంచెం ఆలస్యంగా వేయడం) గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? సగం సమస్య అక్కడే.

1988లో ఆకై ఎంపీసీ-60 అనే శాంపిలర్-డ్రమ్ మిషన్ వచ్చింది, దాని రూపకర్త రోజర్ లిన్. ఒక క్వార్టర్ నోటును (ఒక దెబ్బ కాలాన్ని) 96 టిక్కులుగా విడగొడుతుంది. పదహారో వంతు నోటు 24 టిక్కులు, జంట 48. స్వింగ్ 50% అంటే రెండో నోటు సరిగ్గా 24 దగ్గర. 54% అంటే 26, 58% అంటే 28, 62% అంటే 30. 66% దగ్గర 32, అప్పుడది పూర్తి తిశ్రం. 92 బీపీఎంలో ఒక టిక్కు 6.8 మిల్లీసెకన్లు. అంటే 54కీ 58కీ మధ్య తేడా 13.6 మిల్లీసెకన్లే, కానీ తల ఊపడమా మానడమా తేల్చేది అదే.

సాధారణంగా జరిగే తప్పు ఇది: ఎఫ్ఎల్‌లో స్వింగ్ మొత్తం ప్యాటర్న్‌కి ఒకేలా తిప్పేస్తారు. హ్యాట్లకు 56 ఇవ్వండి, కిక్కుకు 60 దాకా పోండి, రెండు నాలుగు దెబ్బల మీద పడే స్నేర్‌కు స్వింగ్ ఎలాగూ తగలదు. దాన్ని చేత్తో 8-10 మిల్లీసెకన్లు ముందే పడేలా జరపండి. ప్రొడ్యూసర్ జే డిల్లా బీట్లలో నేల కదిలినట్టుండేది ఒక్కో డ్రమ్ము ఒక్కో గడియారం మీద నడవడం వల్లే. ఆయన వాడిన ఎంపీసీ-3000 వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో ఉంది. ఒక డ్రమ్ మిషన్‌కు ఆ గౌరవం దక్కిందంటే ఊపుకు ఉన్న విలువ అది.

తీన్మార్808
ఊపు లెక్క మస్తుగ చెప్పినవ్ అన్నా. మనకు తీన్మార్ తెలుసు కదా, దాన్ని 16 గళ్ల గ్రిడ్ల పెడితే కుంటుతది. గ్రిడ్‌ని తిశ్రంల పెట్టాలె. ర్యాప్ గ్రూపు మీగోస్ 2013ల ఫేమస్ చేసిన ట్రిప్లెట్ ఫ్లో గదే, చతురశ్రం మీద తిశ్రం. అంతకు ముందు మెంఫిస్ ర్యాపర్లు అట్లనే అన్నరు. గట్ల చూస్తే అది కూడ కొత్తది కాదు.

కాకినాడ_హక్కులు
శబ్దం మారడానికి కోర్టులు కూడా కారణం అండీ. 1988-89లో ఒక్కో ఆల్బంలో పదుల కొద్దీ శాంపిళ్లు పొరలు పొరలుగా ఉండేవి. 1991లో అనుమతి లేని శాంపిల్ విషయంలో ర్యాపర్ బిజ్ మార్కీ మీద న్యూయార్క్ ఫెడరల్ కోర్టు తీర్పు వచ్చింది. జడ్జి గారు తీర్పును ‘దొంగిలించకూడదు’ అన్న బైబిల్ ఆజ్ఞతో మొదలుపెట్టారు. ఆ తర్వాత ప్రతి ముక్కకూ రెండు అనుమతులు: రికార్డింగ్ యజమానికి ఒకటి, స్వరం-సాహిత్యం యజమానికి ఒకటి. ఆరు ముక్కలుంటే పన్నెండు సంతకాలు. దాంతో ఆరు ముక్కల బీట్ పోయి ఒక ముక్క బీట్ వచ్చింది, ఆ తర్వాత ముక్కే లేని బీట్ వచ్చింది. ట్రాప్‌లో అందరూ సింథసైజర్ వాడటానికి అభిరుచి ఒక్కటే కారణం కాదు.

2005లో అమెరికా సిక్స్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు రెండు సెకన్ల గిటార్ ముక్కకు కూడా లైసెన్స్ కావాల్సిందే అంది. 2016లో ఇంకో అప్పీళ్ల కోర్టు, నైన్త్ సర్క్యూట్, పావు సెకను కూడా లేని హార్న్ ముక్క విషయంలో అక్కర్లేదంది. రెండూ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి. ర్యాప్ గ్రూపు డి లా సోల్ 1989 ఆల్బం స్ట్రీమింగ్‌లోకి వచ్చింది 2023 మార్చిలో. ముప్పై నాలుగేళ్లు!

బూమ్‌బాప్_బెజవాడ
మరి మన పాత సినిమా పాటల నుంచి తీసుకోవచ్చా? 60ల పాటలకు హక్కులు పోయాయని ఎవరో అన్నారు.

కాకినాడ_హక్కులు
సగమే నిజం అండీ, ఆ సగంతోనే చాలామంది ఇరుక్కుంటారు. మన 1957 చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కు విడుదలైన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు. 1964లో వచ్చిన రికార్డింగ్ గడువు 2024 డిసెంబరు 31తో తీరింది. కానీ బాణీకి, సాహిత్యానికి రచయిత చనిపోయాక 60 ఏళ్లు. కాబట్టి 1964 పాటలో రికార్డింగ్ స్వేచ్ఛగా ఉన్నా, బాణీ కట్టినాయన 1990లో పోయుంటే దాని హక్కు 2050 దాకా బతికే ఉంటుంది. ఇంకో జాగ్రత్త, ఈమధ్య మళ్లీ పాడించి రికార్డు చేసిన పాటైతే ఆ కొత్త రికార్డింగ్‌కు కొత్త 60 ఏళ్లు. గడువు లెక్క చూసుకోకుండా పెట్టొద్దు.

పదహారు_బార్లు
డ్రమ్స్ గురించి ఇంత మాట్లాడారు, మాట సంగతి ఏంటి? నాకైతే పెద్ద నష్టం జరిగింది అక్కడే.

పార్కుల్లో, ఒక్క మైకుతో, మధ్యలో ఆపే వీల్లేకుండా చెప్పినవాళ్లకు ఊపిరి ఎక్కడ తీయాలో పద్యంలోనే ఉండేది. 92 బీపీఎంలో పదహారు బార్లు 41.7 సెకన్లు. ఇప్పుడు పంచ్-ఇన్ పద్ధతి: ఒక లైను చెప్పు, ఆపు, తర్వాతి లైను దాని మీద అతికించు. రికార్డులో బ్రహ్మాండంగా ఉంటుంది. స్టేజీ ఎక్కితే మూడో బారుకే ఊపిరి అందదు, వెనకాల ట్రాక్‌లో తన గొంతే మోగుతుంటే చివరి మాటలు మాత్రం అరుస్తాడు. పంచ్-ఇన్ వాడొద్దని కాదు. రాసిన కాగితం మీద ప్రతి రెండు బార్లకూ ఊపిరి గుర్తు పెట్టుకుని, ముందు ఎక్కడా ఊపిరి తప్పకుండా మొత్తం చెప్పగలిగాకే ముక్కలుగా రికార్డు చేయాలి.

ఇక తెలుగులో రాసేవాళ్లకు ప్రత్యేకంగా ఒకటి. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. అందుకే ప్రతి లైనూ ‘వస్తున్నా, చూస్తున్నా, రాస్తున్నా’ అని ముగిసి, అదే ప్రాస అనుకుంటాం. అది ప్రాస కాదు, వ్యాకరణం. ప్రత్యయం తీసేస్తే ఏం కలుస్తుందో చూడండి. క్రియను లైను మధ్యలోకి తోసి, చివర నామవాచకం పెడితే వెంటనే దారి తెరుచుకుంటుంది. ‘మాటకు పదును, పాటకు అదును’: ఆరు అక్షరాలకు ఆరూ జత. 1987లో ర్యాపర్ రకీమ్ ఇంగ్లీషులో చేసింది ఇదే పని, లైను చివర్లోనే కాదు లైను లోపల కూడా జతలు పెట్టడం. రెండో అక్షరం ప్రాస వందల ఏళ్లుగా మన పద్యంలో ఉంది. ప్రతి లైను మొదటి మాటలో దాన్ని కలిపి, చివర అంత్యప్రాస పెట్టండి, స్నేర్ రెండు నాలుగు మీద పడ్డట్టు మాట కూడా రెండు చోట్ల పడుతుంది.

డ్రిల్_దిల్‌సుఖ్‌నగర్
వ్యాకరణం మాట కరెక్ట్. నా ఫోన్‌లో ఉన్న లైన్లలో సగం -తున్నా. ఇవాళే తిరగరాస్తా.

మిక్స్_మేస్త్రి
ఇప్పటి శబ్దం ఇలా ఉండటానికి వినే పరికరం కూడా కారణమే. 808 ‘ఎఫ్’లో ట్యూన్ చేస్తే కింది స్వరం 43.65 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్‌కు అది అందదు. అందుకే శాచురేషన్ (శబ్దాన్ని కొంచెం పగలనిచ్చే ఎఫెక్ట్) వేసి 87, 131, 175 దగ్గర పైస్వరాలు పుట్టిస్తారు, చెవి వాటిని పట్టుకుని కిందది ఉందనుకుంటుంది. కొందరు దాన్ని పగిలిపోయేదాకా తోస్తారు, మీకు "అన్నీ ఒకటే" అనిపించేది ఆ పగులే. 808 మోనోలో ఉండాలి, ఒక నోటు మొదలవగానే ముందుది ఆగిపోవాలి, దాని మీద వేరే కిక్కు వేస్తే ఆ కిక్కు తోక 100-150 మిల్లీసెకన్లకు కోసేయాలి. కోయకపోతే రెండు తరంగాలు ఎదురెదురై దెబ్బే మాయమవుతుంది.

పాట నిడివి కూడా చూడండి. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ పాట పన్నెండంగుళాల రికార్డు మీద పధ్నాలుగున్నర నిమిషాలు. స్పాటిఫైలో 30 సెకన్లు వింటే ఒక వినికిడి లెక్క. మరి ఇంట్రోలో డీజే స్క్రాచ్‌కు చోటెక్కడ? 2019లో చార్టులన్నీ ఊపేసిన ‘ఓల్డ్ టౌన్ రోడ్’ 1 నిమిషం 53 సెకన్లు. ఆ బీట్ ఆన్‌లైన్‌లో 30 డాలర్లకు కొన్నది.

బూమ్‌బాప్_బెజవాడ
క్రేట్ అన్న చెప్పిన వరసలో చేశా. 520 పైకి, క్రష్, 520 కిందికి. వచ్చింది! స్నేర్‌లో ఆ గరగర వచ్చింది. హ్యాట్లకు 56, కిక్కుకు 60 పెట్టాక ఊపు కూడా వచ్చింది. మొదటి పోస్టులో ఇప్పటివాళ్ల మీద అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. రెండు సమస్యలు మిగిలాయి. ఒకటి, కిక్కు ముక్క కోసిన చోట ‘టక్’ అంటోంది. రెండు, బేస్ ఎక్కడి నుంచి తేవాలి? 808 వేస్తే అతకట్లేదు.

క్రేట్_తవ్వేవాడు
టక్: తరంగం సున్నా గీత దాటే చోట కోయండి, దెబ్బకు ముందు 2-3 మిల్లీసెకన్లు వదలండి, చివర 5 మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వండి. అంతకంటే పొడవు ఇస్తే గది మోత చచ్చిపోతుంది.

బేస్: ఎస్‌పీ-1200లో 1, 2 అవుట్‌పుట్లకు కదిలే ఫిల్టర్ ఉంటుంది, 3 నుంచి 6 దాకా స్థిరమైన ఫిల్టర్, 7, 8కి అసలు లేదు. హ్యాట్లు 7, 8లో పోయేవి కాబట్టి గరగర పూర్తిగా వినిపించేది. బేస్ కోసం అదే శాంపిల్‌ను రెండోసారి ఎక్కించి 1లో వేసి ఫిల్టర్ మూసేసేవాళ్లు. మీరూ అదే శాంపిల్ కాపీ తీసి లోపాస్ (కింది శబ్దాన్నే వదిలే ఫిల్టర్) 150-200 హెర్ట్జ్ దగ్గర మూయండి. అసలుదాన్ని అదే చోట హైపాస్ (పై శబ్దాన్నే వదిలే ఫిల్టర్) చేయండి. రెండూ ఒకే రికార్డువి కాబట్టి అతకడమనే ప్రశ్నే రాదు.

డల్లాస్_స్లిప్‌మ్యాట్
బ్రేకులు వాడేవాళ్లు ఒక పేరు గుర్తుపెట్టుకోవాలి. గ్రెగరీ కోల్‌మన్. 1969లో ద విన్‌స్టన్స్ బ్యాండ్‌లో ఆయన వాయించిన ఆ ఏడు సెకన్లే అమెన్ బ్రేక్, వేల పాటల్లో ఉంది. ఆయనకు దాని మీద రాయల్టీ రాలేదు.

తీన్మార్808
అందుకే నేననేది, మన బ్రేక్ మనం చేసుకుందాం. డప్పు కొట్టేటోళ్లకు ముందే పైసలియ్యాలె, పాట మీద వాళ్ల పేరు, వాటా ఎంతనో కాగితం మీద రాసియ్యాలె. రికార్డింగ్ ముంగట తోలును మంట దగ్గర కాచాలె. నడుమ సల్లబడితే పిచ్ దిగుతది, రెండు టేకులు కలవయి, అందుకని ప్రతి టేకుకు ముందు మళ్ల కాచాలె. మైకు డప్పుకు అంటబెట్టొద్దు, మీటరున్నర దూరంల పెట్టి, ఇంకో మైకు హాలు మూలకు పెట్టున్రి. దుప్పట్లు కట్టొద్దు, గోడలను మోగనియ్యాలె. నాలుగు నాలుగు బార్లు, ఎనిమిది టేకులు. మెట్రోనోమ్ చెవుల పెట్టకున్రి, వాళ్ల నడక వాళ్లదే ఉండనియ్యున్రి, గ్రిడ్‌ను దానికి సరిచేసుకుందాం.

బూమ్‌బాప్_బెజవాడ
మూల మైకు కండెన్సర్ (సున్నితమైన రకం) పెట్టాలా, డైనమిక్ (గట్టి దెబ్బ తట్టుకునే రకం) చాలా?

మిక్స్_మేస్త్రి
దగ్గర డైనమిక్, మూలకు కండెన్సర్. దగ్గరిదాంట్లో శిఖరాలు -10 డెసిబెల్స్ దాటనివ్వొద్దు. చిర్ర (డప్పు కొట్టే పుల్ల) తగిలే చప్పుడు మీటర్‌లో కనిపించే దానికంటే పైకి లేస్తుంది. రెండు మైకుల ట్రాకులూ విడివిడిగా ఉంచి, 520 సెంట్ల పని మూల మైకు ట్రాక్ మీద మాత్రమే చేసి చూడండి ముందు.